వరుసలో తోలు చెప్పులు

ఈ ఉదయం ఎల్లారెడ్డిలో బస్సు దిగేసరికి సొసైటీ గోదాం ముందు మళ్లీ చెప్పుల వరుస కనిపించింది. యూరియా లారీ వస్తుందని ఎవరో చెప్పారట. లారీ ఇంకా రాలేదు, చెప్పులు మాత్రం వచ్చేశాయి. రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు, ఒకచోట ఒంటి బూటు, చెప్పులు విడవడానికి మనసొప్పని వాడెవడో పెట్టిన ఇటుక పెళ్ల. వాటి తాలూకు మనుషులు ఎదురుగా హోటల్ నీడలో చాయ్ తాగుతూ, వాచీలు చూసుకుంటూ కూర్చున్నారు. కామారెడ్డి నుంచి ఇన్నేళ్లుగా ఇదే దారిలో వచ్చిపోతున్నాను. ప్రభుత్వాలు మారాయి, బస్సుల రంగు మారింది, నా తల రంగు కూడా మారింది. ఈ వరుస మాత్రం మారలేదు. చూసి చూసి దాని మీద కోపం రావడం కూడా మానేసింది నాకు.

చూసీ చూడనట్టు బడి వైపు తిరిగాను. వరుస నడుమ ఒక జత దగ్గర కాళ్లు ఆగిపోయాయి. మందపాటి తోలు చెప్పులు. ఈ కాలంలో ఎవరూ తొడగని రకం. కుడిదాని పట్టీ తెగిన చోట ఎర్ర మోటారు వైరుతో కట్టిన ముడి. ఆ ముడిని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. కరోనా టీకాలు వేసిన ఏడాది, ఎండకాలం పొడుగునా దాన్ని చూస్తూ కూర్చున్నవాణ్ని.

చెప్పులుంటే అవ్వ కూడా ఇక్కడే ఎక్కడో ఉంటుంది అనుకున్నాను. అటూ ఇటూ చూశాను. చేతికర్ర కనిపించలేదు. "ఎవ్వలిదిది?" అనే గొంతూ వినిపించలేదు.

ఆమె గురించి చెప్పాలంటే ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. పొట్టి మనిషి, నడుము కొంచెం వంగింది, గొంతు మాత్రం వంగలేదు. ఎక్కడ వరుస ఉంటే అక్కడ ఆమె ఉండేది. యూరియా వరుస, రేషన్ వరుస, పాస్‌బుక్కుల వరుస. జనం చెప్పులు ఆమెకు అప్పజెప్పి తిండికో నీళ్లకో పోయేవాళ్లు. వరుస కదిలినప్పుడల్లా ఆమె ఆ కొస నుంచి ఈ కొస దాకా నడుస్తూ కర్ర చివరతో ఒక్కో జతనూ ముందుకు నెట్టేది. అనుమానం వస్తే కర్రతో చెప్పు మీద తట్టి, చుట్టూ చూసి, "ఎవ్వలిదిది?" అని అరిచేది. యజమాని చెయ్యెత్తాలి. ఎత్తకపోతే ఆ జత పక్కకు పోతుంది. ఎమ్మెల్యే మనిషినని చెప్పుకున్నవాడి చెప్పులు కూడా ఒకసారి మోరీ పక్కకు పోయాయి. ఈ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. వద్దనే ధైర్యమూ ఎవరికీ లేదు.

టీకాల కాలంలో బడులు మూతపడ్డాయి. జనాన్ని అదుపు చెయ్యమని మాలాంటి టీచర్లను ఆస్పత్రుల ముందు కూర్చోబెట్టారు. నాకు ఎల్లారెడ్డిలో పడింది. మూతికి గుడ్డ, ముందు ఒక బల్ల, వెనక వేపచెట్టు. పిల్లల్ని వరుసలో నిలబెట్టడమే చేతగాని నాకు పెద్దల్ని నిలబెట్టమన్నారు. కామారెడ్డి నుంచి బండిలో మందు డబ్బా వచ్చేది. వస్తే వచ్చేది, లేకపోతే లేదు. వచ్చిన రోజున ఎన్ని సూదులుంటాయో బండి తలుపు తీసేదాకా ఎవరికీ తెలియదు. ఎప్పుడూ బయట నిలబడ్డవాళ్ల కంటే తక్కువే ఉండేవి. ఆరడుగుల దూరం అని నేను అరుస్తుండేవాణ్ని. ఒకరి మీద ఒకరు పడుతుండేవాళ్లు. జబ్బు తగలకుండా వచ్చినవాళ్లు ఇక్కడ తగిలించుకుని పోతారేమోనని భయం వేసేది.

రెండో రోజో మూడో రోజో అవ్వ వచ్చింది. కాసేపు నా అరుపులు విని, నా బల్ల మీద కర్రతో తట్టింది.

"సారూ, నువ్వు గా కుర్చీల కూసో. వరుస నేను జూస్త."

తర్వాత జనం వైపు తిరిగి ఒకే ఒక మాట అంది. "చెప్పులు ఇడువుండ్రి."

విడిచారు. గేటు నుంచి రోడ్డు దాకా చెప్పులు నిలబడ్డాయి, మనుషులు పోయి ఎవరి నీడలో వాళ్లు కూర్చున్నారు. ఆరడుగులు కాదు, అరవై అడుగుల దూరం వచ్చింది. నేను కుర్చీలో కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఎండకాలంలో నాకు దొరికిన సుఖం అదొక్కటే.

ఆ వరుసలో ఆమె పెట్టినవే ఈ తోలు చెప్పులు. తన కాళ్లకు చిన్న రబ్బరు చెప్పులుండేవి, అవి విడిచేది కాదు. ఈ పెద్దవి సంచిలోంచి తీసి పెట్టింది. తన వంతు వచ్చేసరికి వాటిని చంకన పెట్టుకుని లోపలికి పోయి, సిస్టర్ ముందు సంచి మూతి తెరిచి పట్టుకుంది.

"ఆయనది ఇయ్యుండ్రి. పట్టుకపోత."

సిస్టర్ లింగంపేట పిల్ల. పగలంతా సూదులు గుచ్చి గుచ్చి విసిగి ఉంది. "ఏంది అవ్వా ఇచ్చేది? మనిషేడి?"

"మనిషి రాడు బిడ్డా. పచ్చవాతమొచ్చి మంచంల వడ్డడు. ఆయన చెప్పులొచ్చినయి గద."

"చెప్పులకు సూదేస్తరా?"

"గాడ యూరియా ఎట్ల ఇచ్చిండ్రు మరి? చెప్పులు వెట్టిన, పాస్‌బుక్కు జూపిచ్చిన, రెండు బస్తలిచ్చిండ్రు. ఆయనొచ్చిండా?"

లోపలున్న వాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సర్కారు దగ్గర ఏది తెచ్చుకున్నా అలాగే తెచ్చుకుంది. వరుసలో చెప్పులు నిలబడితే ఇంట్లో మనిషి నిలబడ్డట్టే. ఇప్పుడు మనిషే కావాలంటే ఎట్లా?

పోనీ నువ్వు వేసుకో అవ్వా అంది సిస్టర్. అవ్వ సంచి మూతి ముడుచుకుంది.

"సూదేసుకుంటె జరమొస్తదంటున్నరు. నేను జరంల వండుకుంటె ఆయన్నెవలు పొర్లిస్తరు? ఎవలు కడుగుతరు? ముందు ఆయనకు గావాలె. ఆయన జరం తగ్గినంక నాకు."

మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి స్టీలు క్యాను తెచ్చింది. మూత తీసి చూపించింది. నిండా వరి పొట్టు, పొట్టు నడుమ ఐసు గడ్డ. ఐసు బండివాడి దగ్గర అడిగి తెచ్చిందట.

"మీ డబ్బల గూడ గిదే గదా? చల్లగుండాలంటున్నరు. దీంట్ల వెట్టియ్యుండ్రి, కరగకముందే ఇంటికి వోత."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సీసా మూత తీస్తే కొన్ని గంటల్లోనే పది మందికి వేసెయ్యాలని, ఒక్కరి కోసం తీస్తే మిగిలింది పారబోయాల్సిందేనని, సూదిలో నింపి ఇంటికి పంపడం కుదరదని సిస్టర్ ఓపిగ్గా చెప్పింది. ఇంటికి వచ్చి వేసే ఏర్పాటు లేదా అని నేను డాక్టరును అడిగాను. ఇక్కడికి వచ్చినవాళ్లకే లేవు మాస్టారూ అన్నాడాయన. ఆయన కళ్ల కింద నల్లగా ఉంది. ఇంకేం అడుగుతాం? క్యానులో ఐసు కరిగి నీళ్లయింది. ఆ నీళ్లు అవ్వ వేపచెట్టుకు పోసి వెళ్లిపోయింది.

వారం తిరగకుండానే ఆయన్ను తీసుకొచ్చింది. ట్రాలీ ఆటోలో మంచం, మంచం మీద ఆయన, ఎండ పడకుండా నాలుగు మూలలా కట్టెలు నిలిపి కట్టిన చీర. పొడుగాటి మనిషి. మంచం దాటి బయటికి వచ్చిన ఆ పాదాలు చూశాక ఆ చెప్పులు ఎందుకంత పెద్దవో అర్థమైంది. ఆయన చెప్పులు అప్పటికే తెల్లవారుజామున వచ్చి వరుసలో నిలబడి ఉన్నాయి. ఆయన తల తిప్పి వాటిని చూశాడు. మూతి ఒక పక్కకు పోయింది గనక మాట ముద్దగా వచ్చింది. అవ్వ వంగి విని, మాకు చెప్పింది. "నాకంటె నా చెప్పులే ముందుగాల వొయినయ్ అంటున్నడు." అని తనే ముందు నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

అప్పుడు వచ్చింది హైదరాబాద్ కారు.

ఆ రోజుల్లో పట్నం వాళ్లు ఫోన్లో వెతికి, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ పేరు రాయించుకుని మా ఊళ్ల దాకా వచ్చేవాళ్లు. వాళ్లకు అక్కడ దొరక్క వచ్చారు, వాళ్లను తప్పు పట్టలేం. ఆ దిగిన ఆయనది నా వయసే. మూతికి రెండు గుడ్డలు, వెంట భార్య, భార్య తల్లి. నేరుగా తలుపు దగ్గరికి పోతుంటే అవ్వ కర్ర అడ్డం పెట్టింది.

"మీ చెప్పులేవి?"

ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "కాళ్లకే ఉన్నాయి కదమ్మా."

"కాళ్లకుంటె ఎట్ల? వరుసలేవి?"

"మాకు పదకొండు గంటలకు స్లాట్ ఉంది" అని ఆయన ఫోను చూపించాడు. అవ్వ ఆ వెలుతురును చాలాసేపు చూసి, నా వైపు తిరిగింది. "ఏంది సారూ ఇది?"

"ఫోనులోనే వరుస అవ్వా" అన్నాను. "ముందుగా పేరు రాయించుకున్నారు."

"ఫోన్ల నిలవడ్డరా? మేమీడ ఎండల నిలవడ్డం గద."

ఎండలో నిలబడ్డవాళ్ల మాట పై నుంచి వచ్చిన ఉత్తర్వులో లేదు. ఫోను వాళ్లను ముందు పంపాలని మాత్రం ఉంది. పంపాను. వాళ్ల వెనక ఇంకో కారు, దాని వెనక ఇంకోటి. తోలు చెప్పులు గడప దాకా వచ్చేసరికి సిస్టర్ బయటికి వచ్చి రెండు చేతులూ ఊపింది. మందు అయిపోయింది.

సూది వేసిన జబ్బ పట్టుకుని బయటికి వచ్చిన హైదరాబాద్ ఆయన అప్పుడు చూశాడు మంచాన్ని. ఎక్కిన మందును వాపసు తీసి ఇవ్వలేడు కదా. కారులోంచి నీళ్ల సీసాలు తెచ్చి ఇవ్వబోతే అవ్వ తీసుకోలేదు. తిట్టనూ లేదు.

"రెండో సూదికి గూడ వస్తరా?" అని అడిగింది.

"రావాలేమోనమ్మా."

"గప్పుడు చెప్పులు వెట్టుండ్రి" అంది.

ఆటో కుదుపులకు ఆయన వీపు పుండ్లు పడింది. మళ్లీ కదిలించొద్దని డాక్టరు చెప్పాడు. అయినా అవ్వ రావడం మానలేదు. చెప్పులు పెట్టేది, అందరి వరుసా చూసేది, తన వంతు వస్తే చెప్పులు తీసి సంచిలో వేసుకుని పక్కకు తప్పుకునేది. ఎందుకు అవ్వా ఈ తిప్పలు అని అడిగితే, "ఎప్పుడన్న ఇంటికొస్తమంటరేమో, గప్పుడు నేనీడ లేకుంటె ఎట్ల?" అంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేని పరిస్థితుల్లో వచ్చే కోపం మనిషిని ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది.

వానలు పడ్డాక కథ తిరగబడింది. ఎక్కడి నుంచి వచ్చిందో గాని మందు వచ్చింది. డబ్బాల మీద డబ్బాలు దిగాయి. ఇన్నాళ్లూ మనుషులుండి మందు లేదు, ఇప్పుడు మందు ఉండి మనుషులు లేరు. వేసుకుంటే కాళ్లు పడిపోతాయని ఎవడో పుకారు పుట్టించాడు. అన్నిటికంటే ముఖ్యం, నాట్లు మొదలయ్యాయి. రెండు రోజులు జ్వరంతో పడుకుంటే నారు ఆగదు. ఊరూరికీ పోయి వేసి రమ్మన్నారు. సిస్టర్, నేను, డబ్బా, ఒక జీపు. నిజాంసాగర్ తోవలో అవ్వ వాళ్ల ఊరికి మేము పోయిన రోజున బడి వరండాలో కుక్క తప్ప ఎవరూ లేరు.

అవ్వ ఉరుక్కుంటూ వచ్చింది. ఇల్లు బడి వెనకే. మంచం మీద ఆయనకు స్నానం చేయించి, ఉతికిన అంగీ తొడిగి ఉంచింది. "రాండ్రి" అని సిస్టర్ చెయ్యి పట్టి గుంజింది.

సిస్టర్ కదల్లేదు. "పది మందన్న కావాలె అవ్వా. ఒక్కలకు సీస ఇప్పుతె మిగిలింది నేల పాలైతది. మొన్న గట్లనే ఇప్పితే నన్ను నిలవెట్టి అడిగిండ్రు."

"పది మందా?"

"ఆఁ. పిలువు పో."

అవ్వ పొలాల వైపు చూసింది. ఎటు చూసినా వంగిన నడుములే. పిలిస్తే ఎవరొస్తారు? ఆమె ఇంట్లోకి పోయి ఖాళీ యూరియా సంచి ఒకటి తీసుకుని, కర్ర పట్టుకుని గట్ల మీద పడి వెళ్లిపోయింది. మేము వరండాలో కూర్చున్నాం. సిస్టర్ గోడకు ఆనుకుని కునుకు తీసింది. మందు లేని రోజుల్లో ఎంత అలసిపోయామో, మందున్న రోజుల్లోనూ అంతే అలసిపోయాం.

చాలాసేపటికి అవ్వ తిరిగొచ్చింది. నెత్తి మీద సంచి నిండుగా ఉంది. వరండాలో దాన్ని తిరగేసింది. చెప్పులు! మడిలో దిగేముందు గట్టు మీద విడిచిన చెప్పులన్నీ, ఏ పొలమూ వదలకుండా, ఏరుకొచ్చింది. సిస్టర్ కళ్లు నులుముకుంటూ లేచింది. అవ్వ తాపీగా ఒక్కో జతనూ గడప నుంచి గేటు దాకా వరుసలో పేర్చింది. అన్నిటికంటే ముందు తోలు చెప్పులు పెట్టింది.

కాసేపట్లో మోకాళ్ల దాకా బురదతో జనం వచ్చారు. అందరికంటే ముందు వచ్చినావిడ దూరం నుంచే అందుకుంది. "నీకు గత్తర రోగం రాను, నా చెప్పులేవే ముసల్దానా!"

"గత్తర రావొద్దనే గదనే పిలిచింది" అంది అవ్వ. "గవో, వరుసల ఉన్నయి. సూదేసుకోని తొడుక్కపో."

తిట్లు, నవ్వులు, మళ్లీ తిట్లు. ఒకడు తన చెప్పులు లాక్కుని పోబోతే కర్ర వాటి మీద పడింది. "ఎవ్వలిదిది? నీదా? అయితె నిలవడు." ఏళ్ల తరబడి యూరియా వరుసలో తమ చెప్పులు కాసిన మనిషి. ఆమె మాట కొట్టెయ్యడం వాళ్లకు చేతకాలేదు. నిలబడ్డారు. ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, సిస్టర్ సీసా మూత తీసింది.

మొదటి సూదితో నేరుగా ఇంటికి పోయాం. ఆయన జబ్బ ఎముకకు అంటుకుని ఉంది. సూది దిగుతుంటే అవ్వ ఆయన చెయ్యి కాదు, పాదం పట్టుకుంది. అయిపోయాక ఆ పాదం మీద తల ఆనించి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఎంత భయపడిందో నాకు అప్పుడు తెలిసింది. ఆయన పోతే ఇంట్లో ఆమె ఒక్కతే.

అందరికీ వేశాక చూస్తే, పది మంది లెక్కలో అవ్వ తనను కలుపుకోలేదు. సిస్టర్ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్కోసారి కొంచెం ఎక్కువే పోసి పంపుతారు. అడుగున మిగిలింది జాగ్రత్తగా లాగింది, సరిపోయింది.

"ఆయన జరం తగ్గినంక..." అని అవ్వ మొదలుపెట్టింది.

"నువ్వు కరోనతోని వోతె ఆయన్నెవలు పొర్లిస్తరు? కూసో" అని సిస్టర్ కసిరింది. కూర్చుంది.

ఇద్దరికీ జ్వరం వచ్చిందట. ఆమెను తిట్టిపోసిన ఆవిడే రెండు పూటలా గంజి తెచ్చి ఇచ్చి, ఆయన్ను పొర్లించి పోయిందట. రెండో సూదికి మేము పోయినప్పుడు అవ్వ సంచి పట్టుకోగానే ఊరు ఊరంతా తనంతట తనే బడికి వచ్చింది.

ఈ ఉదయం ఆ చెప్పుల దగ్గర ఇదంతా తలచుకుంటూ నిలబడితే, చాయ్ గ్లాసు పట్టుకుని ఒక రైతు దగ్గరికి వచ్చాడు. ఆ రోజు బురద కాళ్లతో వచ్చినవాళ్లలో ఒకడు. నన్ను గుర్తుపట్టాడు.

"అవ్వేది?" అన్నాను.

"అవ్వ లేదు సార్. ఎండలల్ల వొయ్యింది. ఎదల నొప్పన్నది. కామారెడ్డి దాక గూడ పోలే."

మంచాన పడి ఉన్న మనిషి కోసం అంత తిరిగిన మనిషి, తను మాత్రం ఎవరినీ తిప్పకుండా పోయింది.

"మరి మంచంలో బాపు?"

"ఉన్నడు సార్. పిట్లం ఊరికెల్లి అవ్వ చెల్లె వచ్చింది, సూసుకుంటున్నది. పొలం నేనే జేస్తున్న. యూరియా ఆయన పాస్‌బుక్కు మీదనే గద, పొద్దుగాల చెప్పులు దెచ్చి పెడుతున్న."

"నీ చెప్పులు పెడితే సరిపోదా? ఈ బరువంతా మోసుకొస్తున్నావు."

"బాపు ఊకోడు సార్. అవ్వ ఇయ్యే వెట్టేది అంటడు."

అంతలో లారీ వచ్చింది. నీడలన్నీ ఒక్కసారి లేచాయి. బస్తాలు దించడానికి మనుషులు కావాలంటే ఆ రైతు గ్లాసు కింద పెట్టి లోపలికి ఉరికాడు. కాసేపటికి వరుస కదిలింది. ఎవరి చెప్పులు వాళ్లు జరుపుకున్నారు. తోలు చెప్పులు ఉన్నచోటనే ఉండిపోయాయి. వాటికీ ముందరి జతకూ నడుమ ఖాళీ పెరిగింది. వెనకనున్న కుర్రాడు, బిచ్కుంద వైపు యాస, నేనెరగని మనిషి, వాటిని కాలితో తట్టి చుట్టూ చూశాడు.

"ఎవ్వలిదిది?"

ఎవరూ చెయ్యెత్తలేదు. వాడు వాటిని పక్కకు తొయ్యబోయాడు.

"మాది" అన్నాను.

వాడు నా ఇస్త్రీ అంగీని, చేతిలో టిఫిన్ సంచిని ఎగాదిగా చూసి కాలు వెనక్కి తీసుకున్నాడు. నేను వంగి ఆ చెప్పుల్ని ముందుకు జరిపాను. నిజంగానే బరువున్నాయి. బడిలో గంట కొట్టిన చప్పుడు ఇక్కడి దాకా వినిపించింది. రైతు ఇంకా గోదాంలోంచి రాలేదు. వరుస మళ్లీ కదిలింది, నేను మళ్లీ వంగాను.